టవర్లు మూగబోయినా ప్యాకెట్ చేరుతుంది

కంప్యూటర్‌లో టైపు చేసిన సందేశాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ పంపేవారి గుర్తు, అందుకునేవారి గుర్తు తగిలించి, లైసెన్సున్న ఔత్సాహికులు (హామ్‌లు) వాడే హామ్ రేడియో సెట్టు ద్వారా గాలిలోకి వదిలే పద్ధతి పేరు ప్యాకెట్ రేడియో. అవతలి సెట్టు ఆ ముక్కల్ని వింటుంది. చెడిపోయి వచ్చినవాటిని మళ్లీ పంపమంటుంది. అన్నీ అందాక వరసగా పేర్చి తెర మీద చూపిస్తుంది. మధ్యలో సెల్ టవరు లేదు, ఫైబర్ లేదు, సిమ్ కార్డు లేదు, రీఛార్జి లేదు. ఇటు ఒక మనిషి, అటు ఒక మనిషి, ఇద్దరికీ చెరో యాంటెన్నా, చెరో బ్యాటరీ ఉంటే చాలు.

దీని వేగం మాత్రం చాలా తక్కువ. మామూలుగా వాడే ప్యాకెట్ రేడియో సెకనుకు 1200 బిట్లు పంపుతుంది. ఫోన్‌తో తీసిన ఒక మెగాబైట్ ఫొటోను ఈ దారిలో పంపాలంటే, ఒక్క తప్పూ దొర్లకపోయినా, దాదాపు రెండు గంటలు పడుతుంది. పొలం గట్టు మీద కూర్చుని సినిమా చూసే రోజుల్లో ఇంత నెమ్మది పద్ధతి ఎవరికి కావాలన్న అనుమానం సహజమే. ఆ అనుమానానికి జవాబు కోస్తాంధ్ర చరిత్రలోనే ఉంది.

మూడు విపత్తులు, మూడు తరాల మౌనం

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ల మీద పడింది. సొర్లగొంది లాంటి గ్రామాల్లో కుటుంబాలకు కుటుంబాలే కొట్టుకుపోయాయి. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది చనిపోయారు. ఆ రోజుల్లో కబురు మోసేవి టెలిఫోన్, టెలిగ్రాఫ్ తీగలు. స్తంభాలు పడిపోయి, తీగలు తెగి, రోడ్లు నీళ్లలో ఉన్నప్పుడు నాగాయలంక, కోడూరు వైపు ఏం జరిగిందో బయటికి చెప్పే సాధనమే లేకుండా పోయింది. నష్టం ఎంతటిదో లోకానికి తెలిసింది మనుషులు నడిచి వెళ్లి చూసి వచ్చాకే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అప్పటికి తీగల కాలం పోయి మొబైల్ కాలం వచ్చింది. గాలికి కరెంటు స్తంభాలు కూలాయి, టవర్లు దెబ్బతిన్నాయి, కేబుళ్లు తెగాయి. లక్షల ఫోన్లున్న మహానగరంలో ఒకరి క్షేమం ఒకరికి తెలియక జనం రోజుల తరబడి అల్లాడారు.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగింది. అజిత్‌సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. ఆ మరుసటి రోజే ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డును అది దాటేసింది. ఈసారి పెనుగాలి లేదు, టవర్లు కూలలేదు. అయినా మునిగిన వీధుల్లో కరెంటు తీసేశారు. చేతిలోని ఫోన్లకు ఛార్జింగ్ అయిపోయింది. మేడల మీద చిక్కుకున్నవాళ్లు పడవ కోసం కేకలు వేయాల్సి వచ్చింది.

మూడు సందర్భాల్లో సాంకేతికత వేరు, జరిగింది మాత్రం ఒకటే. కబురు అత్యవసరమైన గంటల్లోనే కబురు మోసే వ్యవస్థ ఆగిపోయింది. నెట్‌వర్క్ ఎంత గొప్పదైనా అది కరెంటు మీద, టవరు మీద, కేబుల్ మీద, దూరాన ఉన్న సర్వర్ మీద ఒకేసారి ఆధారపడుతుంది. వాటిలో ఏ ఒక్కటి పోయినా ఫోన్ పలకదు. ఇన్ని ఆధారాలు అక్కర్లేకపోవడమే ప్యాకెట్ రేడియోకున్న బలం.

ప్యాకెట్ లోపల ఏముంది?

హామ్‌లు వాడే ప్యాకెట్ పద్ధతికి ఏఎక్స్.25 అని పేరు. ప్రతి ప్యాకెట్ ఒక గుర్తుతో మొదలై అదే గుర్తుతో ముగుస్తుంది. అందులో ముందు గమ్యం కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), తర్వాత పంపేవారి కాల్‌సైన్ ఉంటాయి. దారిలో ప్యాకెట్‌ను అందుకుని ముందుకు నెట్టే స్టేషన్లను డిజిపీటర్లు అంటారు. అవి ఉంటే వాటి కాల్‌సైన్లూ అక్కడే చేరతాయి. ఆ తర్వాత అసలు సందేశం, మామూలుగా 256 బైట్ల లోపు. చివర 16 బిట్ల తనిఖీ సంఖ్య. అందుకున్న సెట్టు ఆ సంఖ్యను తానూ లెక్కగట్టి చూసుకుంటుంది. రెండు సంఖ్యలూ కలవకపోతే ప్యాకెట్‌ను పక్కన పడేస్తుంది. అందినట్టు జవాబు రాకపోతే పంపిన సెట్టు దాన్ని మళ్లీ పంపుతుంది.

ఇదంతా గాలిలో వెళ్లేది రెండు స్వరాలుగా. ఒకటి 1200 హెర్ట్జ్, రెండోది 2200 హెర్ట్జ్. వాటి మధ్య మార్పులే సున్నాలు, ఒకట్లు. నిండు ప్యాకెట్ ఒకటి వెళ్లడానికి రెండు సెకన్ల పైన పడుతుంది. పక్కన కూర్చున్నవారికి అది గరగరమనే చిన్న శబ్దంలా వినిపిస్తుంది. ఒకప్పుడు ఈ స్వరాలను కట్టి విప్పడానికి టీఎన్‌సీ అనే ప్రత్యేక పెట్టె కావాలి. ఇప్పుడా పనిని డైర్‌వుల్ఫ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చేస్తుంది. పాత ల్యాప్‌టాప్, లేదా అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ సరిపోతుంది. డెల్టాలో చాలా ఇళ్లలో ఉండే 150 యాంపియర్-అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీతో ఇలాంటి చిన్న స్టేషన్ నాలుగు రోజులు నడుస్తుంది.

హామ్ రేడియోలో మాటతోనే పని జరుగుతున్నప్పుడు టైపు చేయడం ఎందుకని అడగవచ్చు. ప్రాణం మీదికొచ్చినప్పుడు మాటను మించింది లేదు. కానీ సహాయ చర్యల్లో ఎక్కువ భాగం జాబితాలే. పునరావాస కేంద్రంలో ఉన్నవాళ్ల పేర్లు, పాలప్యాకెట్ల లెక్క, డయాలసిస్ రోగుల వివరాలు, ఏ ఊరికి ఎన్ని ట్యాంకర్లన్న పట్టిక. ఇంటిపేర్లూ పేర్లూ కలిసిపోయే ప్రాంతంలో 200 మంది పేర్లను గాలిలో చదివి, అవతలివాళ్లు రాసుకుని, సరిచూసుకోవాలంటే గంట చాలదు. పైగా ఎక్కడో ఒక తప్పు ఖాయం. అవే పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో దాదాపు 4 వేల బైట్లు. ఛానల్ ఖాళీగా ఉంటే ప్యాకెట్ రేడియో వాటిని రెండు నిమిషాల్లో అక్షరం తేడా లేకుండా అందిస్తుంది, కాగితం మీద అచ్చు వేసుకునేందుకు వీలుగా. ఆసరా కోసం ఎదురుచూసేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు.

తెలుగులో పంపాలంటే మాత్రం ఇబ్బంది ఉంది. కంప్యూటర్లు తెలుగు లిపికి వాడే సంకేత పద్ధతిలో ప్రతి అక్షరానికీ మూడు బైట్లు కావాలి. గుణింతపు గుర్తుకు, సున్నాకు కూడా విడిగా మూడేసి బైట్లు. ‘నాగాయలంక’ అన్న ఒక్క మాటకు 24 బైట్లు ఖర్చవుతాయి. అదే ఇంగ్లిష్ అక్షరాల్లో 11. వందల బైట్లలో బతికే పద్ధతికి ఇది పెద్ద బరువు. మండలాలకు, గ్రామాలకు, అవసరాలకు ముందే చిన్న సంకేతాలు పెట్టుకుని, అందుకున్నచోట కంప్యూటరే వాటిని తెలుగులోకి విప్పేలా సాఫ్ట్‌వేర్ రాస్తే ఈ బరువు తగ్గుతుంది. మన ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇంతకంటే ఉపయోగపడే ప్రాజెక్టు అరుదు.

ఇంటర్నెట్‌కు చుట్టమే

ప్యాకెట్ రేడియోను ఇంటర్నెట్‌కు పాతకాలపు పోటీదారుగా చూడటం పొరపాటు. రెండూ ఒకే ఆలోచనలోంచి పుట్టాయి. హవాయి దీవుల మధ్య కేబుళ్లు లేక, అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం కంప్యూటర్లను రేడియోతో కలిపింది. 1971లో పని మొదలుపెట్టిన ఆ వ్యవస్థే అలోహానెట్. అందరూ ఒకే ఛానల్ వాడతారు, ఢీకొన్న ప్యాకెట్‌ను కాసేపాగి మళ్లీ పంపుతారు. ఈ సూత్రం నుంచి స్ఫూర్తి పొందే రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో ఈథర్‌నెట్‌కు రూపమిచ్చాడు. ఆఫీసుల్లో కంప్యూటర్లను కలిపే తీగల వెనక ఉన్నది అదే ఆలోచన.

హామ్‌లు ఈ దారి పట్టింది 1978లో, కెనడాలోని మాంట్రియల్‌లో. తర్వాత వాంకోవర్ హామ్‌లు టీఎన్‌సీని తయారుచేశారు. అమెరికా 1980లో అనుమతిచ్చింది. అరిజోనాలోని టక్సన్ బృందం చవకైన కిట్లను ప్రపంచమంతా పంచింది. 1984లో ఏఎక్స్.25 నియమాలు స్థిరపడ్డాయి. అంతకు ముందే, 1981లో, ఇంటర్నెట్ చిరునామాల్లో 44తో మొదలయ్యేవన్నీ హామ్‌లకు కేటాయించారు. అవి దాదాపు 1.67 కోట్లు, అంటే మొత్తం చిరునామాల్లో 256వ వంతు. వాటిలో పావు భాగాన్ని 2019లో అమెజాన్ కొనుక్కుంది. ఆ డబ్బుతో హామ్ డిజిటల్ ప్రయోగాలకు నిధులిచ్చే సంస్థ నడుస్తోంది.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పటికే ప్రపంచంలోని హామ్‌లు ఒక ఊరి కంప్యూటర్ నుంచి ఇంకో ఊరికి ఉత్తరాలు చేరవేసుకుంటూ ఖండాలు దాటిస్తున్నారు. ఇంటర్నెట్ చవకయ్యాక ఆ ఉత్తరాల రద్దీ పడిపోయింది. అది సహజం, బాధపడాల్సిందేమీ లేదు. మిగిలిన పనుల్లో మాత్రం ప్యాకెట్ కొత్త రూపాలెత్తింది. బాబ్ బ్రూనింగా తీర్చిదిద్దిన ఏపీఆర్‌ఎస్ పద్ధతిలో ప్రతి స్టేషన్ తానెక్కడుందో, అక్కడి వాతావరణం ఎలా ఉందో చిన్న ప్యాకెట్లలో ప్రకటిస్తుంది. వినగలిగినవాళ్ల తెర మీద అది పటంగా కనిపిస్తుంది. విన్‌లింక్ అనే వ్యవస్థ రేడియో మీదుగా ఈమెయిల్ పంపుతుంది. నెట్ ఆగిన ఊరి నుంచి నెట్ ఉన్న ఊరి దాకా రేడియో మోస్తుంది, అక్కడి నుంచి ఇంటర్నెట్ అందుకుంటుంది.

కొండలున్న చోటు, చదునైన నేల

ప్యాకెట్ రేడియోకు ఎక్కువగా వాడేది 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ పట్టీ. ఈ తరంగాలు దాదాపు చూపు ఆనేంత దూరమే వెళ్తాయి. అందువల్ల యాంటెన్నా ఎత్తే ప్రధానం. ఈ విషయంలో కృష్ణా డెల్టాకు కలిసొచ్చినంతగా చాలా ప్రాంతాలకు కలిసిరాలేదు. డెల్టా తలభాగాన విజయవాడ, దాని చుట్టూ ఇంద్రకీలాద్రి, గాంధీకొండ, మంగళగిరి కొండలు. అక్కడి నుంచి సముద్రం దాకా అడ్డమొచ్చే గుట్ట ఒక్కటీ లేదు. బ్యారేజీ నుంచి కాలువల్లో నీళ్లు ఏ దిక్కుకు పారతాయో ఆ దిక్కుకు రేడియో తరంగాలూ సాఫీగా పోగలవు.

లెక్క చూస్తే, 150 మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉంటే రేడియో దిగంతం 50 కిలోమీటర్లు. అవతల పది మీటర్ల గడ మీద యాంటెన్నా ఉంటే మరో 13 కలుస్తాయి. మొత్తం 63. విజయవాడ నుంచి అవనిగడ్డకు గాలిలో గీత గీస్తే దూరం దాదాపు అంతే. మచిలీపట్నం, నాగాయలంక ఇంకాస్త దూరం. కాబట్టి విజయవాడ కొండ మీద ఒక డిజిపీటర్, పామర్రు దగ్గర ఒకటి, చల్లపల్లి దగ్గర మరొకటి ఉంటే బందరు తీరం, దివిసీమ రెండూ అందుబాటులోకి వస్తాయి. తీరం పొడవునా ఉన్న తుపాను రక్షిత భవనాల మీద చిన్న యాంటెన్నాలు పెడితే లంక గ్రామాలనూ కలపవచ్చు.

మనుషుల సందేశాలే కాదు, నీటిమట్టాలూ ఈ దారిలో రావచ్చు. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరో, మున్నేటి మీద కీసర దగ్గరో నీటిమట్టం కొలిచే పరికరం పది నిమిషాలకోసారి చెప్పాల్సింది యాభై బైట్లలో ఇమిడిపోతుంది. బుడమేరు లాంటి వాగు గంటల్లో ఉగ్రరూపం దాలుస్తుంది. సెల్ సిగ్నల్ మీద ఆధారపడని రెండో దారి ఉండటం అక్కడ విలాసం కాదు.

ఒక చిక్కు మాత్రం డెల్టా చదునులోనే ఉంది. పామర్రు స్టేషన్, రేపల్లె స్టేషన్ రెండూ విజయవాడ కొండకు వినిపిస్తాయి కానీ ఒకదానికొకటి వినిపించకపోవచ్చు. ఛానల్ ఖాళీగా ఉందనుకుని రెండూ ఒకేసారి పంపితే కొండ మీద రెండు ప్యాకెట్లూ చెడిపోతాయి. ఎవరికి వారు ఇష్టమొచ్చినప్పుడు పంపే పద్ధతిలో ఛానల్ సామర్థ్యంలో 18 శాతానికి మించి ఉపయోగపడదని అలోహా లెక్కలే తేల్చాయి. స్టేషన్లు పెరిగేకొద్దీ క్రమశిక్షణ కావాలి. ఎవరు ఎప్పుడు పంపాలో, ఏది ముందో ఏది వెనకో తుపానుకు ముందే తేల్చుకోవాలి.

శ్రీహరికోట నుంచి నింగికి

నేల మీది డిజిపీటర్లు కూడా కూలిపోతే? ఆకాశంలోనూ డిజిపీటర్లున్నాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని హామ్ స్టేషన్ 145.825 మెగాహెర్ట్జ్ మీద ప్యాకెట్లను అందుకుని తిరిగి పంపుతుంది. ఆ కేంద్రం డెల్టా మీదుగా వెళ్లే కొద్ది నిమిషాల్లో చేతి సెట్టుతోనూ దాన్ని వినవచ్చు.

ఈ రంగంలో శ్రీహరికోట పాత్ర తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు. హామ్‌ల కోసం ఇస్రో తయారుచేసిన హామ్‌శాట్ 2005 మే 5న అక్కడి నుంచే వెళ్లింది. మాటలను, మోర్స్‌ను మోసిన ఆ ఉపగ్రహం 2014 దాకా పనిచేసింది. 2015 సెప్టెంబరు 28న పీఎస్‌ఎల్‌వీ-సీ30 ఇండోనేసియా ఉపగ్రహం లపాన్-ఏ2ను తీసుకెళ్లింది. దానిలో ఏపీఆర్‌ఎస్ డిజిపీటర్ ఉంది. భూమధ్యరేఖకు దగ్గరగా తిరిగేలా ప్రయోగించడంతో కృష్ణా డెల్టా వాళ్లకు అది గంటా ముప్పావుకోసారి దక్షిణ దిక్కున పైకొచ్చే కక్ష్యలో ఉంది. 2019 ఏప్రిల్ 1న వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ45 నాలుగో దశలో హామ్ ఉపగ్రహాల సంస్థ ఆమ్‌శాట్ ఇండియా వారి ఏపీఆర్‌ఎస్ పరికరాన్ని అమర్చారు. వాడేసిన రాకెట్ దశ కూడా కక్ష్యలో ఉంటూ హామ్‌ల ప్యాకెట్లు మోసిందంటే అది గర్వించదగ్గ సంగతే.

ఉన్న బలం, చేయాల్సిన పని

తెలుగు నేల మీద హామ్ రేడియోకు పునాది గట్టిదే. జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983లో హైదరాబాద్‌లో ఏర్పడింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో అండమాన్‌కు వెళ్లిన బృందం, 26న సునామీ విరుచుకుపడ్డాక, పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేసింది. ఆ సమయానికి వాళ్లక్కడ ఉండటం యాదృచ్ఛికమే. కానీ సెట్లు, యాంటెన్నాలు, అనుభవం సిద్ధంగా ఉండటం వల్లే ఆ సాయం సాధ్యమైంది. హైదరాబాద్‌కే చెందిన అశర్ ఫర్హాన్ రూపొందించిన బిటెక్స్ సెట్లను ప్రపంచమంతటా హామ్‌లు సొంతంగా కట్టుకుంటున్నారు. తక్కువ ఖర్చుతో మంచి రేడియో చేయడం ఇక్కడివాళ్లకు చేతనైన విద్య.

శాటిలైట్ ఫోన్లు, పోలీసు వైర్‌లెస్, సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికలు వచ్చాక ఇదంతా అవసరమా అన్న వాదనలో కొంత నిజం ఉంది. పెద్ద అధికారుల మధ్య సంభాషణకు అవి చాలు. అయితే హెచ్చరిక పై నుంచి కిందికి వస్తుంది. ఊళ్లో ఏం జరుగుతోందన్నది కింది నుంచి పైకి పోవాలి. ప్రతి గ్రామంలో శాటిలైట్ ఫోన్ పెట్టడం కుదరదు. అక్కడ ప్యాకెట్ రేడియో పనికొస్తుంది. దానికి తోడుగా లైసెన్సు అక్కర్లేని 865-868 మెగాహెర్ట్జ్ పట్టీలో మెష్‌టాస్టిక్ లాంటి చిన్న పరికరాలూ వచ్చాయి. ఒకదాన్నుంచి ఒకదానికి సందేశం గెంతుతూ వెళ్లే ఈ పద్ధతి ప్యాకెట్ రేడియో వారసత్వమే. వీధి స్థాయిలో అవి, జిల్లా స్థాయిలో ప్యాకెట్ రేడియో ఉంటే ఒకదానికొకటి అండ.

ఏ పరికరమైనా అటక మీద పెట్టి మరిచిపోతే ఆపదలో అక్కరకు రాదు. బ్యాటరీ చచ్చిపోతుంది, కనెక్టర్ ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, నేర్చుకున్నవాడు బదిలీ అయిపోతాడు. ప్యాకెట్ రేడియో నిలబడేది నెలకోసారైనా వాడేవాళ్లుంటేనే. అందుకు తగిన చోటు కళాశాలలే. కృష్ణా, గుంటూరు జిల్లాల్లోని ఇంజినీరింగ్ కళాశాలల్లో ఎలక్ట్రానిక్స్ ల్యాబులున్నాయి, ఎత్తయిన భవనాలున్నాయి, ఏటా కొత్త విద్యార్థులొస్తారు. విపత్తుల నిర్వహణ సంస్థ కొండ మీద ఒక గది, ఒక టవరు చూపించి, ఏడాదికి రెండుసార్లు తుపాను విన్యాసాల్లో హామ్‌లకు చోటిస్తే మిగతాది వాళ్లు చూసుకోగలరు.

ఈ పని చేయదలచినవారికి నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. లైసెన్సు లేకుండా హామ్ పట్టీలో ప్రసారం చేయడం నేరం. వ్యాపార సందేశాలు, రహస్య సంకేతాలు పంపకూడదు. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ నిర్వహించే పరీక్షలో రేడియో సిద్ధాంతం, నియమాల మీద ప్రశ్నలుంటాయి. నెగ్గినవారికి గ్రేడును బట్టి వీయూ2 లేదా వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ వస్తుంది. జనరల్ గ్రేడుకు మోర్స్ కూడా నేర్వాలి, రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు అక్కర్లేదు. ఇంజినీరింగ్ డిగ్రీ ఏమీ అవసరం లేదు. పన్నెండేళ్లు నిండినవారెవరైనా ఈ పరీక్ష రాయవచ్చు.